డీజిల్ రైలింజనులో కవాటముల అరుగుదల - ప్రచారములోనున్న కొన్ని అభిప్రాయముల విమర్శ

ఘర్షణను గూర్చిన పాఠము చదువని హైస్కూలు విద్యార్థి యుండడు. రెండు వస్తువులు ఒకదానిపై నొకటి జారునప్పుడు వాని కదలికను అడ్డగించు బలమే ఘర్షణ యనియు, అది పైనున్న భారమునకు అనులోమానుపాతములో నుండుననియు, తాకియున్న వైశాల్యముపై ఆధారపడదనియు ఆ పాఠము చెప్పును. తరువాత ఘర్షణ వలని లాభములు, నష్టములు వరుసగా వచ్చును. నష్టముల పట్టికలో "యంత్రభాగములు అరిగిపోవును" అని ఒక వాక్యము. నివారణోపాయముల పట్టికలో "నూనె వేయవలెను, బాల్ బేరింగులు వాడవలెను" అని మరియొక వాక్యము. అరుగుదలను గూర్చి విద్యార్థికి అందు జ్ఞానము సాధారణముగా ఈ రెండు వాక్యములతో ముగియును.

ఈ రెండు వాక్యములును అసత్యములు కావు. కాని అవి అర్ధసత్యములు. వాని నుండి నాలుగు అభిప్రాయములు మొలకెత్తి, విద్యార్థులలోనే గాక యంత్రములతో నిత్యము పనిచేయు వారిలోను స్థిరపడినవి. ఘర్షణ ఎంత తగ్గినచో అరుగుదలయు అంతే తగ్గునని మొదటిది. లోహము ఎంత గట్టిదైన అంత మంచిదని రెండవది. నూనె ఎంత చిక్కగా నున్న అంత మేలనియు, అందు కలుపు మందులు అన్ని భాగములకును హితము చేయుననియు మూడవది. కొలత సరిగా నున్నచో లోపల అంతయు సరిగా నున్నట్లేయని నాలుగవది. ఈ అభిప్రాయములను పరీక్షించుటకు డీజిల్ రైలింజనులో కవాటములను నడుపు యంత్రాంగమును మించిన గీటురాయి లేదు. ఒకే వరుసలో దొరలుట, జారుట, ఊగుట, కొట్టుకొనుట అను నాలుగు విధముల స్పర్శలును అందులో కానవచ్చును.

కవాటములను నడుపు యంత్రాంగము

మన రైల్వేలలో దీర్ఘకాలము ప్రధానముగా పనిచేసిన డబ్ల్యు.డి.యం.2 ఇంజను ఇందుకు తగిన ఉదాహరణము. 1962లో ఇవి మొదట అమెరికాలోని ఆల్కో సంస్థ నుండి వచ్చినవి. 1964 నుండి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్సులో తయారైనవి. కాజీపేట, గుత్తి, గుంతకల్లు, విశాఖపట్నము షెడ్లలో పనివారు తరతరములుగా వీనిని విప్పి, శుభ్రపరచి, బిగించినారు. ఇందలి ఆల్కో 251 రకపు ఇంజనుకు 16 సిలిండర్లు. సామర్థ్యము 2,600 హార్సుపవరు. అత్యధిక వేగము నిమిషమునకు 1,000 భ్రమణములు.

ఒక్కొక్క సిలిండరు తలపై నాలుగేసి కవాటములు గలవు. రెండు గాలిని లోనికి రానిచ్చును, రెండు కాలిన వాయువులను వెలికి పోనిచ్చును. ఇంజను పక్కన తిరుగు ఇరుసుపై గుడ్డు ఆకారముగల ఉబ్బెత్తు భాగములుండును. వీనినే క్యాములందురు. క్యాము తిరుగునప్పుడు దాని మీద ఒక రోలరు దొరలుచు పైకి లేచును. రోలరు ఒక పొడవైన కడ్డీని, కడ్డీ రాకరు అను తూగుచేతి ఒక కొనను పైకి నెట్టును. ఏతము వలె రాకరు రెండవ కొన క్రిందికి దిగి, ఒక అడ్డదూలము ద్వారా రెండు కవాటములను ఒకేసారి నొక్కి తెరచును. మూయుట స్ప్రింగుల పని. పొలములలోని ఆయిలింజను మూత తీసి చూచిన విద్యార్థికి ఈ రాకరు సుపరిచితమే. రైలింజనులో అది పెద్దది, అంతే.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి కవాటము ఒకసారి తెరచుకొనును. అనగా పూర్తివేగములో ప్రతి కవాటము నిమిషమునకు 500 సార్లు, గంటకు 30,000 సార్లు తెరచి మూసికొనును. ఇట్టివి 64 కవాటములు. 1999లో మన దేశమునకు వచ్చిన డబ్ల్యు.డి.జి.4 ఇంజనులోని ఎలక్ట్రో-మోటివ్ 710 రకపు యంత్రము రెండు స్ట్రోకులది. అందు నాలుగు కవాటములును కాలిన వాయువులకే. గాలి సిలిండరు గోడలోని రంధ్రముల గుండా వచ్చును. కవాటము ప్రతి చుట్టుకును తెరచుకొనవలెను గనుక నిమిషమునకు 900 చుట్ల వద్ద అది గంటకు 54,000 సార్లు పనిచేయును.

ఇన్ని సార్లు జరుగు పనిలో అరుగుదల ప్రతిసారి ఎంత స్వల్పమైనను చివరకు లెక్కకు వచ్చును. కవాటము సరిగా మూయకున్న మండుచున్న వాయువులు ఆ సందున దూరి దాని అంచును కాల్చివేయును. కవాటపు తల విరిగి సిలిండరులో పడినచో పిస్టను, సిలిండరు తల, గోడ అన్నియు పాడగును. రైలు రెండు స్టేషనుల నడుమ నిలిచిపోవును. కాబట్టి అరుగుదలను గూర్చిన తప్పుడు అభిప్రాయము పరీక్షలో ఒక మార్కు పోగొట్టునది మాత్రమే కాదు.

ఘర్షణ వేరు, అరుగుదల వేరు

ఘర్షణ నియమములను 1699లో ఫ్రాన్సు దేశీయుడు అమోంతోఁ ప్రకటించెను. 1785లో కులుంబు విస్తృతమైన ప్రయోగములతో స్థిరపరచెను. ఈ నియమములు కదలికను అడ్డగించు బలమును గూర్చి చెప్పును గాని, ఎంత పదార్థము రాలిపోవునో చెప్పవు. ఈ భేదమును గ్రహించుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఉపాధ్యాయుని చేతిలోని సుద్దముక్కను చూచిన చాలును. బల్లపై సుద్ద సాగుటకు పెద్ద బలమేమియు అక్కరలేదు, కాని పీరియడు ముగియునప్పటికి సుద్ద సగమైపోవును. బండి చక్రమునకు ఒత్తుకొను బ్రేకుదిమ్మెకు ఘర్షణ ఎక్కువ; అయినను అది నెలల తరబడి నిలుచును. ఘర్షణ, అరుగుదల సమానముగా నడచునవైనచో ఈ రెండును తారుమారు కావలసియుండెను.

సాధారణ ఘనపదార్థముల ఘర్షణ గుణకము చాలవరకు 0.1 నుండి 1 వరకు నుండును. అనగా భేదము సుమారు పది రెట్లు. కాని అదే భారముతో, అదే దూరము జారినప్పుడు రాలు పదార్థములో లక్ష రెట్ల భేదము కూడ కనుపించును. 1953లో ఇంగ్లండు దేశీయుడైన ఆర్చర్డు ఈ విషయమును ఒక సూత్రముగా పొందుపరచెను. అరిగిన ఘనపరిమాణము భారమునకును, జారిన దూరమునకును అనులోమముగాను, లోహపు కాఠిన్యమునకు విలోమముగాను ఉండును. దానిని ఒక గుణకముతో హెచ్చవేయవలెను. సూత్రపు ప్రాణమంతయు ఆ గుణకములోనే యున్నది.

ఎంత నునుపైన తలమైనను సూక్ష్మముగా చూచిన కొండలు, లోయలతో నిండియుండును. రెండు తలములు ఆ కొండల కొనలయందే తాకును. కేంబ్రిడ్జిలో బౌడెను, టాబరు అను శాస్త్రజ్ఞులు ఈ భావమును విపులముగా నిరూపించి 1950లో గ్రంథముగా ప్రకటించిరి. ఉదాహరణమునకు చదరపు మిల్లీమీటరునకు 200 కిలోల ఒత్తిడిని మాత్రమే తట్టుకొనగల ఉక్కుపై 200 కిలోల భారముంచినచో, కొనలు నలిగి నలిగి, మొత్తము తాకిన వైశాల్యము ఒక చదరపు మిల్లీమీటరు అగువరకు క్రుంగును. పైకి కనబడు వైశాల్యము అరచేయంత యున్నను, గోరంత యున్నను ఫలితమొక్కటే. ఘర్షణ వైశాల్యముపై ఆధారపడదను నియమమునకు ఇదియే కారణము. పాఠములో నియమమును చెప్పి ఈ కారణమును విడుచుటవలన, విద్యార్థి దానిని కంఠస్థము చేయును గాని విశ్వసింపడు.

ఈ కొనలు ఒకదానితో నొకటి కలిసికొనునప్పుడెల్ల రేణువు రాలదు. ఎన్ని కలయికలకు ఒక రేణువు రాలునో తెలుపునదే ఆర్చర్డు గుణకమని స్థూలముగా చెప్పవచ్చును. నూనె లేని ఒకే జాతి మెత్తని లోహముల మధ్య అది నూటికొకటి వరకు నుండవచ్చును. చక్కగా నూనె పట్టిన గట్టి తలముల మధ్య అది కోటికొకటియో, అంతకు తక్కువయో కావచ్చును. ఘర్షణ సగమైనంత మాత్రమున అరుగుదల సగమగునని చెప్పుట ఎంత తొందరపాటో దీనివలన తేటపడును.

రోలరును కనుగొన్నవాని ఉద్దేశమును ఈ దృష్టితో చూడవలెను. క్యాముపై చదునైన దిమ్మె జారుటకు బదులు రోలరు దొరలుటవలన క్యాము తలమున జారుడు దాదాపుగా తొలగిపోవును. ఇది నిజమైన లాభము. కాని జారుడు మాయమైపోలేదు; రోలరు లోపలి పిన్నునకు మారినది. ఖరీదైన క్యాము నుండి అరుగుదలను చిన్నదియు, సులభముగా మార్చదగినదియు అగు పిన్నునకు తరలించుటే ఇందలి నేర్పు. పిన్నునకు నూనె అందక రోలరు బిగుసుకొనినచో అది దొరలుట మాని జారసాగును. అప్పుడు క్యాము తలము వేగముగా గీచుకొనిపోవును. "రోలరు పెట్టినారు, కాబట్టి అరుగుదల లేదు" అనుకొనువారు చూడవలసిన తావు క్యాము కాదు, పిన్ను.

కాఠిన్యమే కవచమా?

రెండవ అభిప్రాయమునకు ఆర్చర్డు సూత్రమే బలము చేకూర్చునట్లు కనుపించును. కాఠిన్యము హెచ్చిన అరుగుదల తగ్గునని అందున్నది గదా. నిజమే. కాని ఆ సూత్రము జారుడు స్పర్శకు చెందినది. క్యాము, రోలరుల మధ్య జరుగునది వేరు.

గుండ్రని రోలరు గుండ్రని క్యామును సన్నని గీత వెంబడి మాత్రమే తాకును. అట్టి స్పర్శలో ఒత్తిడి ఎంతయుండునో గణితముచేత తేల్చినవాడు, తరువాత విద్యుత్తరంగములతో ప్రఖ్యాతి గాంచిన హెర్ట్జి. 1881లో, ఇంకను 25 ఏండ్లు నిండకమునుపే, ఒకదానికొకటి ఒత్తబడిన గాజు కటకములను గూర్చి ఆలోచించుచు అతడు దీనిని సాధించెను. అతని లెక్క ప్రకారము గీతస్పర్శలో అత్యధికపు ఒత్తిడి భారముయొక్క వర్గమూలమునకు అనులోమముగా నుండును. భారము రెట్టింపైన ఒత్తిడి 1.41 రెట్లు మాత్రమే హెచ్చును. ఇది శుభవార్త వలె తోచును. కాని లోహపు అలసట అంత దయగలది కాదు. రోలరు బేరింగులలో భారము రెట్టింపైనచో ఆయుర్దాయము సుమారు పదవవంతునకు పడిపోవునని ఇంజనీర్లు వాడు నియమము చెప్పుచున్నది.

ఇంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. ఇట్టి స్పర్శలో లోహమును కోయజూచు బలము అత్యధికముగా నుండునది పైతలమున కాదు, దానికి కొంచెము దిగువన. పగులు అచ్చట పుట్టి, లక్షల కొలది ఒత్తిళ్ల తరువాత పైకి ప్రాకి, పెచ్చువలె ఊడివచ్చును. క్యాముపై గుంటలు పడుట ఇట్లు జరుగును. కాబట్టి ఉక్కుకు కర్బనము పట్టించి గట్టిపరచిన పొర ఆ లోతును దాటి యుండవలెను. పొర ఎంత గట్టిదైనను పలుచనిదైనచో, ఎండిన చెరువులో బురదపై కట్టిన పెచ్చుమీద కాలు పెట్టినట్లగును. పెచ్చు గట్టిదే, కాని అడుగున బురద ఒదిగిపోవును. మరియొక వైపు, లోపలివరకు అంతయు గట్టిపరచినచో ఉక్కు పెళుసై దెబ్బకు విరుగును. పైన గట్టిదనము, లోన ఓర్పు, రెండింటి మధ్య తగినంత మందము - ఈ మూడును కలిసినప్పుడే క్యాము నిలుచును.

రాకరు ఇరుసు వద్ద మరియొక వింత కనబడును. అచ్చట ఉక్కు ఇరుసునకు మెత్తని కంచు తొడుగును జత చేయుదురు. మెత్తనిదే ముందు అరుగునని అందరు అనుకొందురు. కాని నూనెలో ఇసుక రేణువులుగాని, గట్టి మసి రేణువులుగాని యున్నచో అవి మెత్తని కంచులో దిగబడి, అచ్చటనే స్థిరపడి, గట్టి ఉక్కునే అరగదీయవచ్చును. వజ్రములను సానబట్టువారు మెత్తని లోహపు బిళ్లలో వజ్రపు పొడిని దిగవేసి, దానితో ప్రపంచములోకెల్ల గట్టిదైన వస్తువును అరగదీయుదురు. నూనెను వడగట్టు ఫిల్టరు శుభ్రముగా లేని ఇంజనులో అట్టి సాన తెలియకుండగనే తయారగును. ఇట్టిచోట గట్టి లోహమును ఇంకను గట్టిదానిగా మార్చుటకంటె ఫిల్టరును సకాలములో మార్చుట మేలు.

కవాటపు అంచు విషయములో మాత్రము కాఠిన్యవాదులకు కొంత న్యాయము చేయవలెను. కాలిన వాయువుల వేడికి మామూలు ఉక్కు తన కాఠిన్యమును కోల్పోవును. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో అమెరికా దేశీయుడు ఎల్వుడ్ హేన్సు కనిపెట్టిన స్టెలైటు అను కోబాల్టు, క్రోమియముల మిశ్రలోహము ఎఱ్ఱగా కాలినప్పుడును చాలవరకు గట్టిగనే యుండును. దానిని కవాటపు అంచుపై కరిగించి అతుకుట నిజముగా గొప్ప ఉపాయము. అయితే ఇచ్చటను మెప్పు పొందవలసినది కాఠిన్యము కాదు, వేడిలో నిలుచు కాఠిన్యము. ఆ విశేషణమును విడిచినచో మాట తప్పగును.

నూనె చేయు పని, చేయలేని పని

1883లో ఇంగ్లండులో బోషాం టవరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేయుచుండగా, నూనె రంధ్రమునకు బిగించిన బిరడా లోపలి ఒత్తిడికి మాటిమాటికి పైకి వచ్చెను. తిరుగు ఇరుసు నూనెను ఇరుకు సందులోనికి లాగుకొని, ఆ ఒత్తిడిపై తానే తేలుచున్నదని అప్పుడు తెలిసెను. 1886లో రేనాల్డ్సు దీనికి గణితసిద్ధాంతము నిర్మించెను. కావున నూనె పొర ఏర్పడుటకు నూనె యుండిన చాలదు, కదలిక యుండవలెను.

ఈ నియమము రాకరును ఇబ్బందిపెట్టును. అది చుట్టు తిరుగదు, ఇటునటు ఊగును. ప్రతి ఊపునకు రెండుసార్లు దాని వేగము సున్న యగును. ఉయ్యాల కొసకు చేరినప్పుడు క్షణకాలము నిలిచినట్లే. ఆ క్షణమున తేల్చునట్టి పొర నిలువదు. నూనె ఎంత చిక్కగా నున్నను ఈ లోపము పోదు. అందుచేతనే అచ్చట కంచు తొడుగు యొక్క స్వభావమునకును, నూనెను తొడుగు పొడవునా పంచు గాడులకును ప్రాధాన్యము వచ్చినది.

క్యాము, రోలరుల నడుమ నుండు పొర మిల్లీమీటరులో వెయ్యవవంతు గాని, అంతకంటె తక్కువ గాని యుండును. 1959లో డౌసను, హిగ్గిన్‌సను ప్రకటించిన లెక్కల ప్రకారము ఆ పొర మందము భారముపై చాల స్వల్పముగా ఆధారపడును. భారము రెట్టింపైనను పొర నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే పలుచబడును. కాని వేగము రెట్టింపైన 1.6 రెట్లు హెచ్చును. చిక్కదనము విషయమునను ఇదే లెక్క. అనగా పొరను రెట్టింపు చేయవలెనన్న నూనె చిక్కదనమును సుమారు 2.7 రెట్లు పెంచవలెను. అంత చిక్కని నూనె చలిలో ఇంజను కదలినప్పుడు పైనున్న రాకర్లకు చేరుటకే ఆలస్యమగును. ఆ ఆలస్యములో జరుగు నష్టము లాభమును మించవచ్చును. దీనికి బదులు తలముల గరుకుదనమును సగమునకు తగ్గించినచో, గరుకునకును పొరకును గల నిష్పత్తి అంతే మెరుగుపడును. అరుగుదలను తగ్గించుటలో సానరాతికి గల పాలును నూనె డబ్బాకు కట్టబెట్టుట ఉచితము కాదు.

ఇందుండియే మరియొక ఫలితము వచ్చును. రైలు నిలిచియుండగా ఇంజను నెమ్మదిగా తిరుగుచున్న దానికి శ్రమలేదని చాలమంది తలంతురు. సిలిండరు విషయమున అది నిజమే కావచ్చును. క్యాము కొన విషయమున వ్యతిరేకము. పూర్తివేగములో కవాటము పైకొనకు చేరునప్పటికి దాని జడత్వము స్ప్రింగు ఒత్తిడిని కొంత తాను భరించి, క్యాముపై భారమును తగ్గించును. నెమ్మదిగా తిరుగునప్పుడు ఈ సాయము ఉండదు. స్ప్రింగు బలమంతయు క్యాము కొనపై పడును. వేగము తక్కువ గనుక నూనె పొరయు పలుచనగును. విశ్రాంతి యనుకొన్నది క్యాము కొనకు విశ్రాంతి కాదు.

ఇక నూనెలో కలుపు మందులు. జింకు, భాస్వరము, గంధకములు గల ఒక సమ్మేళనమును 1940ల నుండి ఇంజను నూనెలలో విరివిగా కలుపుచున్నారు. తలములు ఒరసికొని వేడెక్కిన చోట అది విడిపోయి, గాజువంటి సన్నని పొరగా అంటుకొని, లోహము లోహమును తాకకుండ కాపాడును. నూనె పొర తెగినప్పుడు క్యామునకు ఇది చివరి కవచము. ఇంత మంచి మందును అన్ని ఇంజనులకును ఎందుకు వాడరాదు?

సమాధానము ఎలక్ట్రో-మోటివ్ ఇంజనులలో నున్నది. వాని పిస్టను పిన్నుల బేరింగులకు ఆ సంస్థ దీర్ఘకాలము వెండి పూత వాడినది. ఆ పిన్నును చుట్టు తిరుగదు, ఊగునే. రెండు స్ట్రోకుల ఇంజనగుటచే దానిపై భారము దాదాపుగా ఎప్పుడును తొలగదు. అట్టిచోట వెండి చక్కగా నిలిచినది. కాని పై సమ్మేళనము వెండిని తినివేయును. వెండి పట్టాలు గంధకపు ఆవిరికి నల్లబడునని విద్యార్థులకు తెలిసిన విషయమే. కాబట్టి ఈ ఇంజనులకు జింకు లేని నూనెనే వాడవలెనని నిర్ణయించిరి. క్యామును కాపాడు మందు పిస్టను పిన్నునకు విషమైనది! జింకు కవచము లేని లోటును క్యాముల కాఠిన్యముతోను, నునుపుతోను, నూనె సరఫరాతోను పూడ్చవలసి వచ్చినది. ఒక భాగమునకు పథ్యమైనది మరియొక భాగమునకు అపథ్యము కావచ్చుననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

కొలత చెప్పునది, దాచునది

నాలుగవ అభిప్రాయము అన్నిటికంటె అపాయకరమైనది, ఏలయన అది శాస్త్రీయముగా కనుపించును. వేడికి కవాటపు కాడ సాగును. అందుచే చల్లగా నున్నప్పుడు రాకరునకును కవాటమునకును నడుమ కొంచెము సందు విడుతురు. ఈ సందును సన్నని ఉక్కు రేకులతో కొలుచుట షెడ్లలో నిత్యకృత్యము. సందు మిక్కిలి తగ్గినచో కవాటము పూర్తిగా మూయదు, కాలిపోవును. మిక్కిలి పెరిగినచో క్యాముపై మెల్లగా దించుటకు ఏర్పరచిన వాలు దాటిన తరువాత కవాటము పీఠమును తాకును. అనగా దిగవలసినది దూకును. ప్రతి దూకుడును ఒక సుత్తి దెబ్బ.

ఇప్పుడు అరుగుదల ఈ సందును ఏమి చేయునో చూడవలెను. క్యాము, రోలరు పిన్ను, రాకరు తొడుగు అరిగినచో సందు పెరుగును. కవాటపు అంచు, పీఠము అరిగినచో కవాటము పైకి క్రుంగి, దాని కాడ రాకరునకు దగ్గరగా వచ్చును, సందు తగ్గును. రెండు అరుగుదలలును ఏకకాలమున సాగినచో ఒకటి రెండవదానిని కొట్టివేయును. సందు మాత్రము మారదు! రేకుతో కొలిచినవాడు "అంతయు సరిగా నున్నది" అని వ్రాసికొనును; లోపల రెండు చోట్ల లోహము తరిగిపోవుచుండును. ఐదు నుండి ఐదు తీసివేసిన సున్న, సున్న నుండి సున్న తీసివేసిన సున్న ఒకే విధముగా కనుపించును గదా. ఫలితము ఒకటైనంత మాత్రమున కారణము ఒకటి కాదని బోధించుటకు లెక్కల ఉపాధ్యాయునకు ఇది చక్కని ఉదాహరణము.

ఎలక్ట్రో-మోటివ్ ఇంజనులో ఈ సందును నూనె ఒత్తిడితో తనంతట తానే పూడ్చు చిన్న సాధనములను అడ్డదూలములలో అమర్చిరి. దూకుడు తగ్గినది, పనివానికి శ్రమ తగ్గినది. ఇది మెచ్చదగినదే. కాని సందుతోబాటు, సందు చెప్పు సమాచారమును పోయినది. అరుగుదలను కొంతకాలము దాచిపెట్టు సౌకర్యమును వాడువారు అరుగుదలను తెలిసికొను మరియొక మార్గమును ఏర్పరచుకొనవలెను.

అట్టి మార్గమొకటి రైల్వేలలోనే పుట్టినది. 1940ల దశకములో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్ రైల్వేవారు వాడిన నూనెను విద్యుత్ జ్వాలలో మండించి, ఆ వెలుగును వర్ణపటముగా విడదీసి, ఏయే లోహములు ఎంతెంత యున్నవో కనుగొనసాగిరి. నక్షత్రములలోని మూలకములను తెలిసికొను పద్ధతియే ఇది. రాగము హెచ్చినచో కంచు తొడుగులపై అనుమానము. వెండి కనబడినచో పిస్టను పిన్ను బేరింగుపై అనుమానము. తరువాత మన డీజిల్ షెడ్లలోను ఈ పరీక్ష అలవాటైనది. అయినను దీనికిని హద్దులు గలవు. ఇనుము క్యామునుండి వచ్చినదో, సిలిండరు గోడనుండి వచ్చినదో వర్ణపటము చెప్పదు. అలసటచే ఊడిన పెద్ద పెచ్చులు జ్వాలలో పూర్తిగా ఆవిరికావు. అవి లెక్కకు తప్పిపోవును. క్యాముపై గుంటలు పడుచున్నను నూనె పరీక్ష నిశ్చింతగా నుండవచ్చును. అందుచే అయస్కాంతపు బిరడాను తీసి చూచుటయు, మూత విప్పి కంటితో చూచుటయు మానరాదు.

బోధనలో రావలసిన మార్పు

1966లో బ్రిటనులో పీటరు జోస్టు అధ్యక్షతన ఒక సంఘము తన నివేదికను సమర్పించెను. ఘర్షణ, అరుగుదల, కందెనలను గూర్చి తెలిసిన జ్ఞానమును సక్రమముగా వినియోగించినచో ఆ దేశపు పరిశ్రమలకు ఏటేట 51.5 కోట్ల పౌనులు ఆదాయగునని అది అంచనా వేసినది. ఈ శాస్త్రమునకు ట్రైబాలజీ యను పేరు ఆ నివేదికతోనే వచ్చినది. ఆ అంకె ఎంత కచ్చితమని వాదింపవచ్చును. కాని నివేదిక వెలువడినది విద్యాశాఖ నుండియని మరువరాదు. నష్టమునకు మూలము కార్ఖానాలలోనే కాదు, తరగతి గదులలోను ఉన్నదని ఆ సంఘము గ్రహించినది.

డీజిల్ రైలింజను ప్రాముఖ్యము మన దేశములో తగ్గినది. రైలుమార్గములు అధికభాగము విద్యుదీకరింపబడినవి. 2020లో పేరు మారిన వారణాసి కర్మాగారము ఇప్పుడు ప్రధానముగా విద్యుత్ ఇంజనులను నిర్మించుచున్నది. కాని లారీ, ట్రాక్టరు, పొలములోని ఆయిలింజను ఇదే కవాటములతో ఇంకను నడచుచున్నవి. ఉత్తర అమెరికాలో గూడ్సు రైళ్లను ఇంకను డీజిల్ ఇంజనులే లాగుచున్నవి. విద్యుత్ ఇంజనులోను గేర్లు, బేరింగులు ఉన్నవి, అవియు అరుగును. యంత్రము మారినను ఈ పాఠము పాతబడదు.

కాబట్టి ఘర్షణ పాఠములో "యంత్రభాగములు అరిగిపోవును" అను వాక్యము వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు ఒక్క నిమిషము ఆగుట మంచిది. ఎచ్చట అరుగును, ఏ విధముగా అరుగును, జారుటచేతనా, అలసటచేతనా, దెబ్బచేతనా యని పిల్లలచేత అడిగించవలెను. ఒక సుద్దముక్కను తూచి, నూరు గీతలు గీయించి, మరల తూచినచో అరుగుదల కొలతకు లొంగునదేయని వారు తెలిసికొందురు. గట్టిగా నొక్కి నూరు గీతలు, మెల్లగా నొక్కి నూరు గీతలు గీచి తూచినచో ఆర్చర్డు సూత్రమునకు మొదటి మెట్టు ఎక్కినట్లే. ఊరిలోని ఆయిలింజను యజమానిని అడిగి, ఇంజను నిలిపియుంచి, చల్లారిన తరువాత మూత తీయించి రాకరు ఇరుసును, కవాటపు కాడ కొనను చూపినచో, ఎచ్చట మెరుపున్నదో, ఎచ్చట గీతలున్నవో, ఎచ్చట గుంటలున్నవో వారే చెప్పగలరు. ఆ మూడును మూడు వేర్వేరు కారణములకు గుర్తులని తెలిసిన పిల్లవాడు, రేపు షెడ్డులో సందు కొలిచి అంకె సరిగా నున్నదని తేలిన తరువాత గూడ, ఆ అంకె ఎన్ని విధముల వచ్చియుండునో ఆలోచించును.